చుక్క కాదు, గీత

మా నాయిన దాన్ని ఎన్నడూ గ్రాఫ్ పేపర్ అనలేదు. గళ్ళకాయితం అనేవాడు. పోచంపల్లిలో మా ఇంటి ముందు గదిలో గుంట మగ్గం, దాని పక్కన చెక్కపెట్టె, పెట్టె మీద గళ్ళకాయితం. రాత్రి అన్నాలు తిన్నాక దీపం దగ్గరికి జరుపుకొని పెన్సిల్‌తో ఒక్కొక్క గడి నింపేవాడు. ఒక గడికి ఇన్ని పోగులని లెక్క ముందే కట్టుకునేవాడు. ఒక గడి పక్కకు, ఒక గడి మీదికి. మళ్ళీ ఒకటి పక్కకు, ఒకటి మీదికి. మెట్లు మెట్లుగా ఏటవాలు గీత లేచేది. ఇంకా నిటారుగా లేవాలంటే ఒకటి పక్కకు, రెండు మీదికి. అట్లాంటి గీతలు నాలుగు కలిస్తే చీరలో ఒక వజ్రం. తర్వాత హైస్కూల్లో మా లెక్కల సారు బోర్డు మీద ‘వాలు’ అని రాసి అర్థం చెప్తుంటే నాకది కొత్త పాఠంలా అనిపించలేదు. ఆ పేరు తెలియకుండానే మా నాయిన రోజూ చేసే పని అదే.

ఇక్కత్ చూసినవాళ్ళు చాలామందే ఉంటారు గానీ, అది ఎట్లా తయారవుతుందో అందరికీ తెలియదు. కొన్ని చోట్ల బట్ట నేశాక దాని మీద రంగు అద్దుతారు. కొన్ని చోట్ల రంగురంగుల పోగులతో నేస్తూ పువ్వు తీస్తారు. మా దగ్గర పోగు మగ్గం ఎక్కకముందే పువ్వు పోగు మీదికి వచ్చేస్తుంది. ముందు కాయితం మీద డిజైన్. తర్వాత ఆసు పోయడం. ఆ తర్వాత చిటికి కట్టడం, అంటే రంగు తగలకూడని చోటల్లా సైకిల్ ట్యూబు కోసి తీసిన రబ్బరు పట్టీలతో బిగించి కట్టడం. రంగులో ముంచడం, ఆరబెట్టడం, కట్లు విప్పడం, ఇంకో రంగు కోసం మళ్ళీ కట్టడం. ఇదంతా అయ్యాకే నేత. నాయిన మగ్గం గుంటలోకి దిగేసరికే పోగు మీద ఎక్కడ ఎరుపో ఎక్కడ తెలుపో రాసి ఉండేది.

ఆసు పోసేది ఆడవాళ్ళు. చట్రం మీద అర్ధచంద్రంలాగా మేకులు కొట్టి ఉంటాయి. వాటి చుట్టూ పోగు తిప్పుకుంటూ చెయ్యి పోతుండాలి, వస్తుండాలి. ఒక్క చీరకు కొన్ని వేల సార్లు. మా ఇంట్లో ఆ చెయ్యి మొదట అమ్మది, అమ్మ తర్వాత అక్కది. ఏడో తరగతితో అక్క బడి మానేసింది. నేను మానలేదు. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి అక్క భుజం పట్టుకొని గోడకు ఆనుకొని కూర్చొని ఉండేది. “నొప్పా అక్కా?” అంటే “నా రాత గింతేనే చెల్లె, ఏం జేస్తం” అనేది. ఆ మాటలో కోపం ఉండేది కాదు, ఏడుపు ఉండేది కాదు. లెక్క పూర్తిచేసి జవాబు చెప్పినట్టు చెప్పేది.

ముప్పయి మూడేళ్ళు హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఏటా ‘రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాలు’ పాఠం దగ్గరికి వచ్చినప్పుడల్లా అక్క మాట నన్ను పట్టుకునేది. నుదుట రాసి ఉందంటాం. సరే, ఉందనే అనుకుందాం. అక్కడ రాసి ఉన్నది చుక్కా, గీతా? పురాణం చెప్పేవాళ్ళ దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఎంత వెతుక్కున్నానో, నల్లబోర్డు దగ్గర కూడా అంతే వెతుక్కున్నాను. బోర్డు దగ్గర దొరికింది ఇక్కడ చెప్తాను.

క్లాసులో నేను ఎప్పుడూ ఇచ్చే లెక్క ఒకటుంది. ఒక పిల్ల చేతిలో 12 రూపాయలున్నాయి. పెన్సిల్ 2 రూపాయలు, పెన్ను 3 రూపాయలు. డబ్బంతా వీటికే పెట్టాలి. పెన్సిళ్ళు ఎక్స్, పెన్నులు వై అనుకుంటే 2 ఎక్స్ + 3 వై = 12. పిల్లలు వెంటనే అడిగేవాళ్ళు, “జవాబెంత టీచర్?” అని. అప్పటిదాకా వాళ్ళు చూసిన సమీకరణాలన్నిటికీ ఒక్కటే జవాబు. ఇక్కడ మొదటిసారి జవాబులకు లెక్కలేదంటే వాళ్ళ ముఖాల్లో కలవరం కనిపించేది. ఒక్క జవాబు ఉంటే భయం లేదు, అది రాసి పుస్తకం మూసేయొచ్చు. చాలా జవాబులు ఉన్నాయంటే మనమే ఏదో ఒకటి ఎంచుకోవాలి.

గీత గీయడానికి మొదట నేర్పేది పట్టిక పద్ధతి. ఎక్స్‌కు నీకు తోచిన విలువ ఇవ్వు. దాన్ని సమీకరణంలో పెడితే వై ఎంతో అదే చెప్తుంది. ఎక్స్ 0 అయితే వై 4. ఎక్స్ 3 అయితే వై 2. ఎక్స్ 6 అయితే వై 0. ఇవి మూడు క్రమయుగ్మాలు: (0, 4), (3, 2), (6, 0). మూలబిందువు దగ్గర మొదలుపెట్టి ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా గళ్ళు లెక్కపెట్టి చుక్కలు పెట్టు. స్కేలు ఆనించి కలుపు. రెండు కొసలకూ బాణం గుర్తు వెయ్యి, కాగితం అయిపోయినా గీత అయిపోదు కాబట్టి.

ఏళ్ళ తరబడి ఈ పట్టిక రాస్తూ రాస్తూ ఒకరోజు సుద్దముక్క పట్టుకొని ఆగిపోయాను. ఎక్స్ నా ఇష్టం. వై నా ఇష్టం కాదు. పట్టికలో పై వరుస నేను నింపుతున్నాను, కింది వరుస దానంతట అది నిండుతోంది. కర్మ మీదే నీకు అధికారం, ఫలం మీద కాదని భగవద్గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పిన మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. విన్నప్పుడల్లా అది నాకు కొంచెం అన్యాయంగానే తోచేది. పని నాది, ఫలం ఎవరిదో అన్నట్టు ఉండేది. ఆ రోజు బోర్డు మీద ఇంకో సంగతి కనిపించింది. ఫలం నా చేతిలో లేదంటే అది ఎవరి బుద్ధి పుట్టినట్టు వాళ్ళు ఇచ్చేదని కాదు. దానికి ఒక నియమం ఉంది. మూడు పెన్సిళ్ళు తీసుకుంటే రెండు పెన్నులే వస్తాయి. దుకాణదారు దయతలిచినా కోపగించినా లెక్క మారదు. నియమం ఉంది కాబట్టే నేను ఎంచుకున్నదానికి విలువ ఉంది. ఏ ఎక్స్‌కు ఏ వై వస్తుందో తలాతోకా లేకుండా ఉంటే ఎంచుకోవడంలో అర్థమే లేదు.

అప్పుడు రాత అంటే ఏమిటి? చేతిలో 12 రూపాయలే ఉండటం రాత. పెన్సిల్ ధర, పెన్ను ధర నేను పెట్టినవి కావు, అదీ రాతే. మన పెద్దలు ప్రారబ్ధం అన్నది దీన్నే అనుకుంటాను. ఈ పుట్టుకలో చేతికి వచ్చిన సొమ్ము, వచ్చిన ధరలు. అయితే ఎన్ని పెన్సిళ్ళన్నది ఎక్కడా రాసి లేదు. సమీకరణం చుక్కను చెప్పదు, గీతను చెప్తుంది. ఏ చుక్కలు కుదరవో చెప్తుంది, కుదిరేవాటిలో ఏది నాదో చెప్పదు. అక్క తన రాతను ఒక చుక్క అనుకుంది. గోడ, భుజం, ఆసు కలిసే ఒకే ఒక్క చుక్క. అది గీత అని అక్కకు చెప్పాలని నాకు ఎప్పుడూ ఉండేది.

చెప్పడానికి నోరు రాకపోవడానికి కారణం కూడా ఆ లెక్కలోనే ఉంది. గీత మీద బిందువులకు అంతు లేదు. దుకాణంలో మాత్రం సగం పెన్సిల్ ఎవరూ అమ్మరు. ఎక్స్ 1 అయితే వై మూడూ మూడింట ఒక వంతు అవుతుంది, అది గీత మీద ఉంది గానీ కొట్లో లేదు. ఎక్స్‌కు −3 ఇస్తే వై 6 వస్తుంది. గీత రెండో పాదంలోకి దర్జాగా పోతుంది, పిల్ల పోలేదు. ఆ పిల్లకు నిజంగా కుదిరేవి మూడే చుక్కలు: నాలుగు పెన్నులు, లేదా మూడు పెన్సిళ్ళూ రెండు పెన్నులూ, లేదా ఆరు పెన్సిళ్ళు. పురాణం చెప్పేవాళ్ళు మనిషికి స్వేచ్ఛ అనంతం అన్నప్పుడు నాకు ఈ మూడు చుక్కలు గుర్తొస్తాయి. లేనివాళ్ళ స్వేచ్ఛ గీత అంత ఉండదు, గీత మీద అక్కడొకటి ఇక్కడొకటి నిలబడ్డ చుక్కలంత ఉంటుంది. అయినా మూడు ఒకటి కాదు. మూడున్న చోట ఒకటే ఉందని నమ్మించడం పాపం. మూడే ఉన్న చోట అనంతం ఉందని నీతులు చెప్పడమూ అంతే పాపం.

అదే దుకాణానికి 18 రూపాయలతో ఇంకో పిల్ల వస్తుంది. ధరలు అవే. ఆ పిల్ల గీత 2 ఎక్స్ + 3 వై = 18. ఒకే కాగితం మీద రెండూ గీస్తే వాలు ఒక్కటే, గీతలు సమాంతరం. ఎంత దూరం పొడిగించినా కలవవు. పుస్తకంలో ఈ జతను అసంగత సమీకరణాలంటారు, సాధన లేదంటారు. కొందరు పిల్లలు ఈ బొమ్మ గీసి చాలాసేపు చూస్తుండేవాళ్ళు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరి గీతలు ఎప్పటికీ కలవకపోవడానికి ధరలు ఒకటే కావడమే కారణమని వాళ్ళకు అర్థమయ్యేది. అందరికీ ఒకే ధర అన్న న్యాయం, చేతిలో ఉన్నది వేరైనప్పుడు, దూరాన్ని తగ్గించదు. ఉన్న దూరాన్ని ఉన్నట్టే కాపాడుతుంది.

ఈ బొమ్మను మనకిచ్చినవాళ్ళ గురించి కూడా పిల్లలకు చెప్పేదాన్ని. మన భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో బీజగణితం రాశాడు. అంకెలతో చేసేది వ్యక్తగణితం, తెలియని రాశులతో చేసేది అవ్యక్తగణితం. తెలియని రాశి ఒకటే అయితే యావత్తావత్తు అన్నారు. ఒకటి కన్నా ఎక్కువైతే మిగతావాటికి రంగుల పేర్లు పెట్టారు: కాలకం, నీలకం, పీతకం, లోహితకం. నలుపు, నీలం, పసుపు, ఎరుపు. రంగులద్దే ఇంటి పిల్లను కాబట్టి ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు పులకరించింది. మన పెరట్లో గోలేల నిండా ఉన్నవి తెలియని రాశులా అనుకున్నాను. అయితే ఆ అవ్యక్తానికి గళ్ళ మీద రూపం రావడానికి ఇంకో అయిదు వందల ఏళ్ళు పట్టింది. ఫ్రాన్స్‌లో టూలూజ్ న్యాయసభలో ఉద్యోగం చేసిన ఫెర్మా, తెలియని రాశులు రెండుండి మొదటి ఘాతంలోనే ఉంటే వచ్చేది సరళరేఖ అని 1636 ప్రాంతంలో రాసిపెట్టుకున్నాడు. అది అచ్చయింది 1679లో, ఆయన పోయిన పద్నాలుగేళ్ళకు. 1637లో డెకార్ట్ తన ‘జ్యామితి’ని అచ్చు వేశాడు. మనం ఇవాళ గీసే రెండు లంబ అక్షాలు ఆ పుస్తకంలో ఈ రూపంలో లేవు. తర్వాతివాళ్ళు దిద్దుకుంటూ వచ్చారు. సమీకరణం అవ్యక్తం, గీత వ్యక్తం. పసుపు ముద్దలో గణపతిని ఆవాహన చేసి, పూజయ్యాక ఉద్వాసన చెప్పినట్టు, గంట కొట్టగానే బోర్డు తుడిచేస్తాం. సుద్దగీతకు మందం ఉంది, వంకర ఉంది, కొస ఉంది. అసలు గీతకు అవేమీ లేవు. తుడిచినందువల్ల సమీకరణానికి పోయేది లేదు. రాత మన కంటికి కనిపించే రూపం కూడా ఇట్లాంటిదే. అక్క భుజం నొప్పి సుద్దగీత. అసలు సమీకరణం ఏమిటో దాని నుంచి వెనక్కి కట్టుకోవాలి.

రెండో పద్ధతి అంతరఖండాల పద్ధతి. ఎక్స్‌ను సున్న చేసి చూడు, వై అక్షాన్ని ఎక్కడ తాకుతావో తెలుస్తుంది. వైని సున్న చేసి చూడు, ఎక్స్ అక్షాన్ని ఎక్కడ తాకుతావో తెలుస్తుంది. (0, 4), (6, 0). రెండు చుక్కలు, పని అయిపోయింది. పిల్లలకు ఈ పద్ధతే ఇష్టం, సున్నతో లెక్క సులువు. మా అమ్మ శివరాత్రికి ఉపవాసం ఉండేది, కార్తీకమాసంలో ఒంటిపూట ఉండేది. ఒకదాన్ని సున్న చేస్తే మిగిలింది ఎంతో తేటగా తెలుస్తుందన్నది ఉపవాసంలో ఉన్న తెలివి. తిండిని సున్న చేసి చూస్తే నన్ను నిలబెడుతున్నది తిండేనా, ఇంకేమన్నా ఉందా అన్నది తెలుస్తుంది.

ఈ పద్ధతి చెల్లని చోటు కూడా ఒకటుంది. వై = 2 ఎక్స్ తీసుకోండి. ఎక్స్ సున్న అయితే వై సున్న. వై సున్న అయితే ఎక్స్ సున్న. రెండుసార్లు చేసినా వచ్చింది ఒకే చుక్క, మూలబిందువు. ఒక్క చుక్క గుండా ఎన్ని గీతలైనా పోతాయి. అక్కడ నిలబడితే నీది ఏ గీతో తెలియదు. ఎక్స్‌కు 1 ఇచ్చి చూడాల్సిందే, (1, 2) పెట్టాల్సిందే. అన్నీ వదిలేసినవాళ్ళ మాటలు వింటున్నప్పుడు నాకు ఇది మనసులో మెదులుతుంది. సున్న దగ్గరికి వెళ్ళడం గొప్పదే. దిక్కు తెలియాలంటే మాత్రం అక్కడి నుంచి ఒక అడుగైనా వెయ్యాలి.

మూడోది వాలు పద్ధతి. సమీకరణాన్ని వై = ఎమ్ ఎక్స్ + సి రూపంలోకి తెచ్చుకోవాలి. మన లెక్క వై = 4 − (2/3) ఎక్స్ అవుతుంది. వై అక్షం మీద 4 దగ్గర చుక్క పెట్టు. అక్కడి నుంచి మూడు గళ్ళు కుడికి, రెండు గళ్ళు కిందికి. మళ్ళీ మూడు, రెండు. మా నాయిన గళ్ళకాయితం మీద చేసినట్టే. ‘సి’ అంటే ఎక్కడ మొదలుపెట్టావు. ‘ఎమ్’ అంటే అడుగడుగుకూ ఎటు, ఎంత కదులుతావు. సి పుట్టుక, ఎమ్ ప్రయత్నం అని ఒకప్పుడు క్లాసులో ఉత్సాహంగా చెప్పేదాన్ని. సి మన చేతిలో లేదు, ఎమ్ ఉంది, కష్టపడండి అనేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఇప్పుడు ఆ మాట అంత నిబ్బరంగా చెప్పలేను. అక్కదీ నాదీ ఒకే సి. ఒకే ఇల్లు, ఒకే మగ్గం, ఒకే అమ్మ. వేరైంది ఎమ్. మరి నా ఎమ్ ఎక్కడి నుంచి వచ్చింది? అక్క ఆసు పోస్తేనే నాయిన మగ్గం ఆడింది. మగ్గం ఆడితేనే నా ఫీజు కట్టారు. అక్క చెయ్యి ఎన్ని వేల సార్లు పోయి వస్తే నేను ఒక్కో తరగతి పైకి ఎక్కానో ఎవరూ లెక్క కట్టలేదు. నేను నా ప్రయత్నం అనుకున్న వాలులో అక్క భుజం ఉంది. మహాభారతం అనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి అడుగుతాడు, దైవం గొప్పదా పురుషకారం గొప్పదా అని. భీష్ముడు బ్రహ్మకూ వసిష్ఠుడికీ జరిగిన సంభాషణ చెప్తాడు. అందులో దైవం విత్తనం, పురుషకారం పొలం. రెండూ కలిస్తేనే పంట. నాకు అందులో నచ్చింది ప్రయత్నాన్ని పొలం అనడం. పొలం ఒక్కడు దున్నితే తయారు కాదు. అందులో ముందువాళ్ళ చెమట ఉంటుంది, పక్కవాళ్ళ నీళ్ళు ఉంటాయి. నా ప్రయత్నం నా ఒక్కదానిదే అన్న గర్వం ఆ పొలంలోనే పోవాలి.

ఏ పద్ధతిలో గీసినా చివర ఒక నియమం పెట్టేదాన్ని. గీత గీయడానికి రెండు చుక్కలు చాలు, మీరు మాత్రం మూడోది పెట్టండి. ఎందుకని అడిగేవాళ్ళు. రెండు చుక్కల మధ్య గీత ఎప్పుడూ వస్తుంది. తప్పు చుక్కలు పెట్టినా వస్తుంది, అంతే తిన్నగా, అంతే నమ్మకంగా. తప్పు జరిగిందని రెండు చుక్కలు ఎప్పటికీ చెప్పవు. మూడోది గీత మీద పడకపోతేనే తెలుస్తుంది. మూడోది సాక్షి.

పిల్లలకు నేర్పిన ఈ నియమాన్ని నేనే ఒకసారి తప్పాను. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లకు రెండు స్లిప్ టెస్టుల్లో 25కి 7, తర్వాత 4 వచ్చాయి. రెండు చుక్కలు కలిపి గీత కిందికి గీశాను. తండ్రి వచ్చినప్పుడు “మీ అమ్మాయికి లెక్కలు అబ్బవండీ” అన్నాను. దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల బడికి రాలేదు. తర్వాత తెలిసింది, ఆ రెండు టెస్టుల రోజుల్లో తల్లి మంచం పట్టి ఉంటే ఇంట్లో ఆసు పోసింది ఆ పిల్లే. సరిగ్గా అక్కలాగా. మూడో చుక్క కోసం ఆగాల్సిన దాన్ని నేను. ఆ పిల్ల ఇంటికి వెళ్ళి ఒక్కసారి చూస్తే అది దొరికేది. ఆ పిల్ల రాతలో ఒక వాక్యం నా చేతితో రాశాను. రాత రాసేది బ్రహ్మ ఒక్కడే కాదు. మాట పొదుపు తెలియని టీచర్లు కూడా రాస్తారు.

డెకార్ట్ 1641లో అచ్చు వేసిన ‘మెడిటేషన్స్’ నాలుగో భాగంలో, మనిషి ఎందుకు తప్పు చేస్తాడన్నదానికి ఒక కారణం చెప్తాడు. మన ఇచ్ఛకు ఎల్లలు లేవు, మన ఎరుకకు ఉన్నాయి. ఎరుక ఆగిన చోట ఇచ్ఛ ఆగకుండా ముందుకు పోయి నిర్ణయం చేసేస్తుంది, అక్కడ తప్పు పుడుతుంది. రెండు చుక్కల దగ్గర ఎరుక ఆగుతుంది. స్కేలు ఆగదు. చదివినప్పుడు ఆ పిల్ల గుర్తొచ్చి పుస్తకం పక్కన పెట్టేశాను.

ఇక దైవం మాట. మా పద్మశాలీలకు మార్కండేయుడు కులదైవం. మృకండు మహర్షికి శివుడు ఇచ్చిన వరం కూడా ఒక గీతే. తెలివి లేని కొడుకైతే దీర్ఘాయువు, గుణవంతుడైతే పదహారేళ్ళు. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతుంది. మృకండు చుక్క ఎంచుకున్నాడు. పదహారు దగ్గర గీత ఆగాలి. ఆ రోజు యముడు పాశం వేస్తే పిల్లవాడు లింగాన్ని కౌగిలించుకున్నాడు, శివుడు వచ్చాడు, గీత ఆగలేదు. చిన్నప్పుడు గుడిలో ఈ కథ వింటే ధైర్యం వచ్చేది. పెద్దయ్యాక ప్రశ్న వచ్చింది. కౌగిలించుకున్నందుకు ఫలంగా ఆయుష్షు వచ్చిందా? అట్లా అయితే అది ఇంకో సమీకరణం. ఇంత భక్తి పెడితే ఇంత ఆయుష్షు. నేను అట్లా నమ్మను. ఎందరో తల్లులు లింగాలను కౌగిలించుకున్నారు, వాళ్ళ పిల్లలు దక్కలేదు. వాళ్ళ భక్తి తక్కువని అనేంత కఠినం నా నోటికి లేదు. కర్మకు సమీకరణం ఉంది, దయకు లేదు. దయ గీత మీద ఉండే బిందువు కాదు. లెక్క వేసి తీసేదైతే దాన్ని దయ అనం, కూలి అంటాం. మార్కండేయుడి వైపు నుంచి నేను తీసుకునేది ఒక్కటే. పదహారు అని రాసి ఉందని తెలిసి కూడా ఆ పిల్లవాడు చేతులు ఖాళీగా పెట్టుకొని కూర్చోలేదు.

చేతులు ఖాళీగా పెట్టుకోని ఇంకొకరు మా కాలంలోనే, మా పక్కనే ఉన్నారు. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు, తల్లి లక్ష్మి గారు ఆసు పోసి పోసి భుజం నొప్పితో బాధపడటం చూసి, ఏళ్ళు కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది, ఆ వేల సార్ల చెయ్యి ఆగింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఎన్ని తరాల ఆడవాళ్ళు ఆ నొప్పిని తలరాత అన్నారో! అది దుకాణం పెట్టిన ధర మాత్రమే, ఎవరో ఒకరు కూర్చొని ఆలోచిస్తే మారే ధర. రాత అనుకున్నదాంట్లో ఎంత భాగం ఇట్లాంటి ధరో తేల్చుకోకుండా చేతులు జోడించడం భక్తి కాదని నాకు గట్టిగా అనిపించింది ఆ యంత్రాన్ని మొదటిసారి చూసినప్పుడే.

పోయిన సంక్రాంతికి పోచంపల్లి వెళ్ళాను. అక్కకు డెబ్బై దాటాయి. కుడి చెయ్యి భుజం పైకి లేవదు, జడ కోడలు వేస్తుంది. మధ్యాహ్నం మేనల్లుడు మగ్గం మీద ఉన్నాడు. నేను అక్క పక్కన కూర్చొని ఒక గళ్ళకాయితం తీసి, ఇన్నేళ్ళుగా చెప్పలేకపోయినదంతా చెప్పాను. పన్నెండు రూపాయలు, పెన్సిళ్ళు, పెన్నులు, మూడు చుక్కలు. “రాత చుక్క కాదక్కా, గీత” అన్నాను. నా వాలులో నీ భుజం ఉందని కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు గొంతు పట్టుకుపోయింది.

అక్క కాయితం మీద వేలు పెట్టి గీత వెంబడి చివరిదాకా జరిపింది. మాట్లాడలేదు. తర్వాత మగ్గం వైపు చూపించింది. మేనల్లుడు నాడె ఆడించి, పేకపోగు పడగానే ఆగి, అంచు దగ్గర దాన్ని వేలితో వెంట్రుకవాసి గుంజాడు. ఎరుపు ఎరుపు పక్కకు వచ్చింది. అప్పుడు అచ్చు కొట్టాడు. మళ్ళీ పోగు, మళ్ళీ గుంజడం.

“చిటికి గట్టి రంగుల ముంచినంక ఇగ రంగు మారదే చెల్లె” అంది అక్క. “గని పోగుపోగుకు గట్ల గుంజుకోకపోతే పువ్వు పువ్వు గాదు. రాసిచ్చినోళ్ళు రాసిచ్చిండ్రు. గుంజుకునేటిది మనమే. నేను గుంజిన. నిన్ను బడికి తోలిందెవరనుకున్నవ్? నాయిన ఒద్దన్నడు. నేను ఆసు పోస్త, దాన్ని సదువనియ్యి అన్న.”

యాభై ఏళ్ళుగా నాకు తెలియని సంగతి. ఏడో తరగతి దగ్గర అక్క గీత ఆగిపోయిందని నేను గీసిన బొమ్మ మీద ఆ సాయంత్రం మూడో చుక్క పడింది. అది నేను గీసిన గీత మీద లేదు.

మగ్గం మీద చీర చూశాను. ఇక్కత్ పువ్వుకు అంచు కత్తితో కోసినట్టు ఉండదు. ఎంత జాగ్రత్తగా గుంజినా పోగుకూ పోగుకూ వెంట్రుకంత తేడా ఉండిపోతుంది, రంగు రంగులోకి కొంచెం జారుతుంది. అచ్చు వేసిన నకిలీ బట్టలో ఆ జారుడు ఉండదు, నేసిన చీరను కొనేవాళ్ళు దాన్ని చూసే గుర్తుపడతారు. అక్క కాయితం మడిచి నా చేతిలో పెట్టి, మేనల్లుడికి చాయ్ పెట్టమని కోడలికి కేక వేసింది.